పచ్చని బీడు, చూలు నిలవని మంద

మేత చాలక గొర్రెలు చూలు కట్టకపోతే ఏ కాపరికీ ఆశ్చర్యం ఉండదు. బక్కచిక్కిన గొర్రె ఎదకు సరిగా రాదు, వచ్చినా నిలవదు. 1940ల తొలి ఏళ్లలో పశ్చిమ ఆస్ట్రేలియా రైతులకు ఎదురైంది దీనికి పూర్తిగా తలకిందులైన సంగతి. బీళ్లు ఏపుగా, పచ్చగా ఉన్నాయి. గొర్రెలు కండపట్టి నిగనిగలాడుతున్నాయి. పొట్టేళ్లు దాటుతున్నాయి. ఈతల కాలం వచ్చేసరికి మాత్రం మందలో చాలా గొర్రెలు వట్టిపోయి ఉండేవి. నూటికి ఎనభై పిల్లలు రావలసిన మందల్లో ముప్పై కూడా రాని ఏళ్లు కనిపించాయి. బాగా మేపిన రైతే ఎక్కువ నష్టపోయాడు.

ఆ ప్రాంతం సంగతి కొంత తెలిస్తే గాని ఈ జబ్బు అర్థం కాదు. పెర్త్ నగరానికి దక్షిణాన ఉన్న ఆ నేలలు చాలా పాతవి. ఇసుక పాలు ఎక్కువ, భాస్వరం, నత్రజని బాగా తక్కువ. మే నుంచి అక్టోబరు దాకా, అంటే అక్కడి చలికాలంలో వానలు పడతాయి. మిగతా కాలమంతా ఎండే. ఆ నేలకూ ఆ వానకూ సరిగ్గా కుదిరిన మొక్క సబ్‌టెర్రేనియన్ క్లోవర్. రైతుల నోట అది సబ్ క్లోవర్. పుట్టిల్లు మధ్యధరా సముద్ర తీరం. మన మెంతికి దగ్గరి చుట్టం, మూడేసి ఆకులతో నేలబారుగా పాకుతుంది. పూత అయ్యాక వేరుశనగ ఊడ దిగినట్టు దీని కాడలు కిందికి వంగి కాయలను మట్టిలోకి దించుతాయి. ఎండాకాలమంతా విత్తనం నేలలో భద్రంగా ఉండి, తొలి వానకు మళ్లీ మొలుస్తుంది. ఒకసారి చల్లితే ఏళ్ల తరబడి తనంతట తానే వస్తుంది.

ఈ మొక్క విలువను మొదట గట్టిగా పట్టుకున్నవాడు దక్షిణ ఆస్ట్రేలియాలోని మౌంట్ బార్కర్ దగ్గరి రైతు ఏమాస్ హోవర్డ్. 1889లో దాన్ని గమనించి, దాని గొప్పతనం గురించి పదిమందికీ చెబుతూ, విత్తనం అమ్ముతూ వచ్చాడు. సూపర్ ఫాస్ఫేట్ వేసి ఈ క్లోవర్ చల్లితే చాలు, గాలిలోని నత్రజనిని వేళ్ల బుడిపెల్లో స్థిరపరచి వట్టి ఇసుకనేలను మంచి మేతబీడుగా మార్చేస్తుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో డ్వాల్‌గనప్ అనే త్వరగా పూతకొచ్చే రకం విస్తారంగా పరుచుకుంది. ఉన్ని కోసం మెరినో గొర్రెలు పెంచే కుటుంబాలకు అది నిజంగా వరమే. అలాంటి మొక్కను దోషిగా అనుమానించడం ఎవరికి మాత్రం సులభం?

అనుమానించినవారు ముగ్గురు: పశువైద్య పరిశోధకుడు హెచ్. డబ్ల్యూ. బెన్నెట్స్, పశుపోషణ శాస్త్రవేత్త ఎరిక్ అండర్‌వుడ్, వారితో పనిచేసిన ఎఫ్. ఎల్. షియర్. బెన్నెట్స్ అంతకుముందే రాగి లోపం వల్ల గొర్రెపిల్లలకు వచ్చే జబ్బు మీద, అండర్‌వుడ్ కోబాల్టు లోపం మీద పేరు తెచ్చుకున్నవారు. అంత నిస్సారమైన నేలలో మందకు ఏం జరిగినా ఖనిజ లోపమే ముందు గుర్తుకు రావడం సహజం. ఇక్కడ లక్షణాలు వేరే దారి చూపించాయి. 1946లో ఈ ముగ్గురూ ఆస్ట్రేలియా పశువైద్య పత్రికలో తమ పరిశీలనలను ప్రచురించారు. గొర్రెలు చూలు కట్టకపోవడం ఒకటే కాదు. కట్టినవాటికి ఈత కష్టమయ్యేది, పిల్ల అడ్డం తిరగకపోయినా నొప్పులు సరిగా సాగేవి కావు. ఈనాక కొన్నింటికి గర్భసంచి బయటికి జారిపోయేది. పుట్టిన పిల్లలు ఎక్కువగా చచ్చిపోయేవి. ఎన్నడూ పొట్టేలును ఎరగని పడ్డల పొదుగుల్లో పాలు దిగేవి. అన్నిటికన్నా విచిత్రం, విత్తులు తీసిన మగగొర్రెలకు కూడా చనుమొనలు సాగి పాలలాంటి ద్రవం వచ్చేది. వాటిలో కొన్నింటికి మూత్రనాళం పక్కనుండే గ్రంథి వాచి, మూత్రం బిగిసి ప్రాణం పోయేది.

మగ జీవానికి పాలు దిగాయంటే ఒంట్లో ఎక్కడో ఆడ హార్మోను పనిచేస్తోందన్నమాట. విత్తులు లేని జీవం దాన్ని సొంతంగా అంత తయారు చేసుకోలేదు. కాబట్టి అది బయటినుంచి, మేతలోంచి రావాలి. ఈ తర్కమే పరిశోధకులను క్లోవర్ దాకా నడిపించింది.

ఈస్ట్రోజెన్ గురించి రెండు మాటలు. ఆడ జీవాల అండాశయంలో తయారయ్యే ఈ హార్మోను రక్తంలో తిరుగుతూ గర్భాశయం, గర్భాశయ కంఠం, పొదుగు, మెదడు వంటి చోట్ల కణాల్లో ఉండే గ్రాహకాలను పట్టుకుని, ఫలానా పని మొదలుపెట్టమని చెబుతుంది. గొర్రెలో అది దాదాపు 17 రోజులకోసారి పెరిగి తగ్గుతూ ఉంటుంది. అది పెరిగినప్పుడు ఎద, తగ్గాక చూలుకు సన్నాహం. ఈ పెరుగుతరుగుల లెక్కలోనే సంతానమంతా ఉంది. కొన్ని మొక్కల్లో ఉండే ఐసోఫ్లేవోన్లు అనే పదార్థాలకు ఈస్ట్రోజెన్‌ను పోలిన ఆకారం ఉండటంతో అవీ అవే గ్రాహకాలను పట్టుకుంటాయి. అసలు హార్మోనుతో పోలిస్తే వాటి బలం వేల రెట్లు తక్కువ. గొర్రె రోజూ తినే పరిమాణం ఆ బలహీనతను పూడ్చేస్తుంది. మొక్క వీటిని గొర్రె కోసం తయారు చేయదు. బూజు తెగుళ్ల నుంచి కాపాడుకోవడానికీ, వేళ్ల దగ్గర మేలు చేసే బాక్టీరియాతో పొత్తు కుదుర్చుకోవడానికీ ఈ కుటుంబపు పదార్థాలు దానికి అవసరం.

1951లో బ్రాడ్‌బరీ, వైట్ అనే రసాయన శాస్త్రజ్ఞులు సబ్ క్లోవర్ నుంచి రెండు ఐసోఫ్లేవోన్లను వేరు చేశారు: జెనిస్టీన్, ఫార్మోనొనెటిన్. ప్రయోగశాలలో ఎలుకలకు ఇచ్చి చూస్తే జెనిస్టీన్ గర్భాశయాన్ని ఉబ్బించింది. ఫార్మోనొనెటిన్ దాదాపు ఏమీ చేయలేదు. దోషి జెనిస్టీనే అన్న అభిప్రాయం కొన్నేళ్లు నడిచింది. బీళ్లలో లెక్క మాత్రం దానికి పొసగలేదు. గొర్రెలను ఎక్కువగా గొడ్డుపుచ్చిన రకాలను చూస్తే వాటిలో ఎక్కువగా ఉన్నది ఫార్మోనొనెటిన్. 1964లో మిలింగ్టన్, ఫ్రాన్సిస్, వారి సహచరులు పశ్చిమ ఆస్ట్రేలియాలో క్లోవర్ రకాలను విడివిడిగా మేపి పోల్చినప్పుడు ఈ సంగతి స్పష్టమైంది. వారి కొలమానం ఎంత సరళమైనదో చూడండి. విత్తులు తీసిన మగగొర్రెలను ఒక్కో రకం క్లోవర్ మీద వదిలి, వాటి చనుమొనల పొడవు కొలిచారు. ఖరీదైన పరికరం ఏదీ అక్కర్లేదు. బీడులో ఈస్ట్రోజెన్ బలం ఎంతో చనుమొన చెబుతుంది.

ఎలుకలో పనిచేయనిది గొర్రెలో ఎలా పనిచేసింది? జవాబు పొట్టలో దొరికింది. నెమరువేసే జీవానికి రూమెన్ అనే పెద్ద పొట్ట ఉంటుంది. అందులోని కోటానుకోట్ల సూక్ష్మజీవులు మేతను పులియబెడతాయి. క్లోవర్ మీదికి కొత్తగా తోలిన మొదటి రోజుల్లో జెనిస్టీన్ ప్రభావం కొంత ఉంటుంది. వారం, పది రోజుల్లో సూక్ష్మజీవులు ఆ మేతకు అలవాటుపడి జెనిస్టీన్‌ను ముక్కలు చేసి, ఏ ప్రభావమూ లేని పదార్థాలుగా మార్చేస్తాయి. అవే సూక్ష్మజీవులు ఫార్మోనొనెటిన్‌ను ముందు డైడ్జీన్‌గా, తరవాత ఈక్వాల్‌గా మారుస్తాయి. ఆ ఈక్వాల్ ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తుంది. ఇది శాస్త్రానికి కొత్త పదార్థమేమీ కాదు, 1932లోనే చూడి గుర్రం మూత్రం నుంచి వేరు చేశారు. క్లోవర్ మేసిన గొర్రెల్లో దాని పాత్రను 1968లో షట్, బ్రేడెన్ అనే పరిశోధకులు తేటతెల్లం చేశారు. ఆకులో నిరపాయంగా కనిపించిన పదార్థాన్ని గొర్రె పొట్టే మందుగా తయారు చేసుకుంటోందన్నమాట.

ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఈ ఘట్టమే. మేతను గాజు గొట్టంలో పరీక్షించి మంచిదో చెడ్డదో తేల్చేయడం ఎంత పొరపాటో ఇంత స్పష్టంగా చూపించిన ఉదాహరణలు తక్కువ. ఏ జీవం తింటుందో ఆ జీవాన్నే అడగాలి. పశువుల దాణాల మీద, మందుల మీద ఇవాళ జరిగే వాదాల్లోనూ ఈ జాగ్రత్త చాలామంది మరిచిపోతుంటారు.

నష్టం రెండు రకాలు. మొదటిది తాత్కాలికం. పచ్చి క్లోవర్ మేస్తున్నంత కాలం అండాల విడుదల తగ్గుతుంది, చూలు నిలిచే గొర్రెల సంఖ్య పడిపోతుంది, కవలలు తగ్గుతాయి. అక్కడినుంచి తప్పించి వేరే మేత మీద నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే చాలావరకు కోలుకుంటాయి. రెండోది శాశ్వతం. ఏళ్ల తరబడి, ఒక్కోసారి ఒకే సీజన్‌లో ఎక్కువ మోతాదులో, ఈ మేత తిన్న గొర్రె గర్భాశయ కంఠం మారిపోతుంది. ఆ మార్పును ఆస్ట్రేలియా జాతీయ పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్.ఓ.లో నార్మన్ ఆడమ్స్ ఎన్నో ఏళ్లు అధ్యయనం చేశాడు.

గొర్రె గర్భాశయ కంఠం లోపల మడతలు మడతలుగా ఉంటుంది. ఎద సమయంలో అక్కడ చిక్కని, సాగే జిగురు ఊరుతుంది. పొట్టేలు వీర్యకణాలు ఆ మడతల్లో, ఆ జిగురులో నిలువ ఉండి, కొన్ని గంటలపాటు కొద్దికొద్దిగా పైకి, అండం వచ్చే నాళం వైపు వెళతాయి. శాశ్వతంగా దెబ్బతిన్న గొర్రెలో కంఠం లోపలి పొర క్రమంగా గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలంగా మారిపోతుంది. జిగురు పలచబడి నీళ్లలా కారుతుంది. వీర్యకణాలకు నిలవనీడ దొరకదు. పైకి చేరేవి మరీ కొద్ది. అండం విడుదలవుతుంది, గొర్రె ఎదకొస్తుంది, పొట్టేలు దాటుతుంది, ఫలదీకరణ మాత్రం జరగదు. 17 రోజులకు అదే గొర్రె మళ్లీ ఎదకొస్తుంది. మన పాడిరైతులు గేదెలు తిరగపొర్లుతున్నాయంటారే, మంద మొత్తంలో అదే జరుగుతుంది.

చాలా జీవాల్లో హార్మోన్లు అవయవం తీరునే మార్చగలిగేది పిండంగా ఉన్నప్పుడు, లేదా పుట్టిన కొత్తలో. గొర్రె కంఠం మాత్రం పెద్దయ్యాక కూడా ఇలా మారిపోగలదు. అందుకే ఈ జబ్బు వయసుతోపాటు ముదురుతుంది. మొదటి ఈతలో బాగానే ఉన్న గొర్రె మూడో ఏట, నాలుగో ఏట తగ్గుముఖం పడుతుంది. పైకి ఏ గుర్తూ ఉండదు. అలాంటి మందను వేలంలో కొన్న రైతు తన బీడులో క్లోవర్ గింజ ఒక్కటి లేకపోయినా నష్టపోతాడు.

ఆవులు ఇదే మేత తిని దాదాపు క్షేమంగా ఉంటాయి. వాటి పొట్టలోనూ ఈక్వాల్ తయారవుతుంది గానీ, వాటి గర్భాశయంలోని గ్రాహకాలు గొర్రెల్లో అంతగా దాన్ని పట్టుకోవని తేలింది. పొట్టేళ్ల వీర్యానికి కూడా చెప్పుకోదగిన హాని కనిపించలేదు.

దోషి తెలిశాక పని విత్తనం మీదికి మళ్లింది. ప్రమాదకరమైన రకాల జాబితా త్వరగానే తేలింది: డ్వాల్‌గనప్, యార్లూప్, డినినప్, జెరాల్డ్‌టన్, టాలరూక్. వీటిలో కొన్నింట ఫార్మోనొనెటిన్ ఎండు బరువులో ఒక శాతం దాకా, అంతకుమించి కూడా ఉంటుంది. 1965 నాటికి ఫ్రాన్సిస్, మిలింగ్టన్ చిన్న ఆకు ముక్కతోనే మొక్కలోని ఐసోఫ్లేవోన్లను అంచనా వేసే పద్ధతి రూపొందించారు. దానితో వేల మొక్కలను లేతలోనే జల్లెడ పట్టడం సాధ్యమైంది. సీటన్ పార్క్, డాలియాక్, తరవాత యార్లూప్‌కు బదులుగా ట్రికాలా వంటి సురక్షిత రకాలు బీళ్లకు చేరాయి. ఇప్పుడు కొత్త రకాన్ని విడుదల చేయాలంటే ఫార్మోనొనెటిన్ 0.2 శాతం లోపే ఉండాలని చూస్తారు. రసాయనంతో ఉత్పరివర్తనం కలిగించి జెరాల్డ్‌టన్ నుంచి యూనివేజర్ అనే రకాన్ని కూడా సృష్టించారు. ఐసోఫ్లేవోన్లు బాగా తగ్గిన ఆ మొక్క రైతుల బీళ్లలో మాత్రం పెద్దగా స్థిరపడలేదు.

అంతటితో కథ ముగిసి ఉంటే బాగుండేది. సబ్ క్లోవర్ బలమే ఇక్కడ అడ్డు తిరిగింది. నేలలోకి దిగిన గట్టిపెంకు విత్తనం ఏళ్ల తరబడి మొలవకుండా ఉండిపోగలదు. పైన కొత్త రకం చల్లినా, కింది నుంచి పాత రకం ప్రతి వానకూ లేస్తూనే ఉంటుంది. పశ్చిమ ఆస్ట్రేలియా బీళ్లలో పాత రకాలు ఇప్పటికీ కనిపిస్తున్నాయని ఇటీవలి పరిశీలనలు కూడా చెబుతున్నాయి. తండ్రి తాతల కాలంలో ఏం చల్లారో తెలియని కొత్త తరం రైతులకు అది అనుమానమే రాదు. మంద ఈతలు ముప్పై శాతానికి పడిపోతే ఎవరైనా కంగారుపడి కారణం వెతుకుతారు. ఎనభై ఐదు డెబ్బై ఐదైతే పొట్టేలునో, వానలనో అని ఊరుకుంటారు. నా దృష్టిలో ఇప్పుడు ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ చిన్న తగ్గుదలే.

అక్కడి రైతులకు ఇచ్చే సలహాలు చాలావరకు సాదాసీదావి. ఆకు మీది మచ్చ తీరు, పూల అడుగున ఎరుపు చూసి బీడులో ఏ రకాలున్నాయో గుర్తించాలి. అనుమానమైతే ఆకులను పరీక్షకు పంపాలి. ప్రమాదకరమైన రకాలు ఎక్కువగా ఉన్న పచ్చిబీడులోకి ఆడ గొర్రెపిల్లలను, పడ్డలను వదలకూడదు, ఎందుకంటే ముందున్న ఈతలన్నీ వాటివే. అక్కడ పశువులను మేపుకోవచ్చు. క్లోవర్ పండి ఎండిపోయాక ఫార్మోనొనెటిన్ బాగా తగ్గుతుంది కాబట్టి ఎండాకాలంలో గొర్రెలకూ భయం తక్కువ. గడ్డిజాతులు కలిసిన బీడులో మోతాదు దానంతట అదే పలచబడుతుంది. భాస్వరం చాలని నేలలో మొలిచిన క్లోవర్‌లో ఫార్మోనొనెటిన్ పెరుగుతుందని 1960ల్లోనే రాసిటర్ అనే పరిశోధకుడు చూపించాడు. ఎరువు ఖర్చు తగ్గించుకుందామని సూపర్ ఫాస్ఫేట్ మానేసిన చోట, పాత రకాలుంటే, పొదుపు చేసినదంతా ఈతల్లో పోతుంది.

సబ్ క్లోవర్ ఒక్కటే కాదు. ఐరోపాలో, న్యూజీలాండ్‌లో విస్తారంగా పండే రెడ్ క్లోవర్‌లో కూడా ఫార్మోనొనెటిన్ ఉంటుంది, సైలేజ్‌గా పాతర వేసినా పోదు. లూసర్న్ విషయం వేరు. అందులో పనిచేసేది కౌమెస్ట్రాల్ అనే మరో పదార్థం. ఆరోగ్యంగా ఉన్న లూసర్న్‌లో అది చాలా తక్కువ. ఆకుమచ్చ తెగులు సోకినప్పుడు, పేనుబంక పట్టినప్పుడు మొక్క తనను కాపాడుకునే ప్రయత్నంలో దాన్ని పెంచుతుంది. అలాంటి మేత తిన్న గొర్రెల్లో అండాల విడుదల తగ్గి కవలలు తగ్గుతాయి. ఇది తాత్కాలికమే, మేత మారిస్తే సర్దుకుంటుంది.

మన దగ్గర సంగతి ఏమిటి? 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెల సంఖ్యలో తెలంగాణది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండోది. అయితే మన నెల్లూరు గొర్రె, దక్కనీ గొర్రె ఒకే పంట పరిచిన బీడులో బతికేవి కావు. బీడుగడ్డి, కోసిన చేల మోళ్లు, చెట్ల ఆకులు, తుమ్మకాయలు, దారిపక్క కలుపు, ఇలా నడుస్తూ దొరికిందల్లా తింటాయి. సబ్ క్లోవర్ మన నేలల్లో లేదు. కాబట్టి మన మందల్లో చూలు నిలవకపోతే ముందు చూడవలసినవి మేత కొరత, ముసలి పొట్టేలు, ఒకే పొట్టేలుతో ఏళ్ల తరబడి సాగే దగ్గరి చుట్టరికపు సంపర్కం, బ్రూసెల్లా వంటి అంటు జబ్బులు. క్లోవర్ జబ్బును మన మందల మీదికి అరువు తెచ్చుకోవలసిన పని లేదు. నీటి వసతి ఉండి లూసర్న్ వేసుకుని, కొట్టంలో కట్టి గొర్రెలను మేపే రైతులకు మాత్రం ఒక మాట అక్కరకొస్తుంది. పొట్టేలును కలిపే ముందు రెండు మూడు వారాలు, కలిపిన తరవాత కొన్ని వారాలు, తెగులు పట్టిన లేదా పేనుబంక పట్టిన లూసర్న్‌నే పూర్తి మేతగా పెట్టవద్దు. జొన్న చొప్పతోనో, వేరే గడ్డితోనో కలిపి పెట్టండి. శుభ్రమైన లూసర్న్ మంచి మేతే, దాన్ని మానేయాల్సిన పని లేదు.

ఇదంతా చదివాక చాలామందికి వచ్చే సందేహం సోయా గురించి. సోయాబీన్‌లో జెనిస్టీన్, డైడ్జీన్ ఉంటాయన్నది నిజం. మనుషుల పేగుల్లోనూ కొందరిలో డైడ్జీన్ ఈక్వాల్‌గా మారుతుంది, మూడోవంతు నుంచి సగం మంది దాకా. కానీ లెక్క వేసి చూడండి. ఒక శాతం ఫార్మోనొనెటిన్ ఉన్న క్లోవర్‌ను ఎండు బరువులో కిలో తిన్న గొర్రె ఒంట్లోకి రోజుకు 10 గ్రాములు వెళతాయి. సోయా వంటకాలు ఎక్కువగా తినే జపాన్‌లో మనిషికి రోజుకు అందే ఐసోఫ్లేవోన్లు సాధారణంగా 25 నుంచి 50 మిల్లీగ్రాములు. ఆ గొర్రెకూ మనిషికీ బరువులో పెద్ద తేడా లేకపోవచ్చు, మోతాదులో తేడా మాత్రం రెండు వందల రెట్లు, ఆపైనే. పైగా గొర్రె గర్భాశయ కంఠానికి ఉన్న ఆ ప్రత్యేకమైన బలహీనత మనకు ఉందనడానికి ఆధారం లేదు. గొర్రెల మీద జరిగినదాన్ని చూపించి సోయా తింటే సంతానం కలగదని చెప్పేవారి మాట నమ్మనక్కర్లేదు. ఎలుకను చూసి గొర్రె విషయంలో ఒకప్పుడు తప్పిన అంచనానే వాళ్లు ఇప్పుడు గొర్రెను చూసి మనిషి విషయంలో చేస్తున్నారు.